కాలిన చోట ఏం రాయాలి? ముందు 20 నిమిషాలు నీళ్లు పోయండి

"అక్కా, పాప చేతి మీద టీ ఒలికింది, ఏం రాయమంటావు?"

నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. టీ కాకపోతే సాంబారు, అదీ కాకపోతే గారెల నూనె, కుక్కర్ ఆవిరి, స్నానానికి కాచిన నీళ్లు. కాలింది ఎవరికైనా అడిగేది మాత్రం ఒకటే: ఏం రాయాలి? నా జవాబు కూడా ఒకటే. ఇప్పుడు ఏమీ రాయకండి. కుళాయి తిప్పండి. కాలిన చోటు నీళ్ల కింద పెట్టండి. 20 నిమిషాలు అక్కడి నుంచి కదలకండి.

ఇప్పుడే ఎవరికైనా కాలి, కంగారులో ఇది చదువుతుంటే, మిగతాదంతా వదిలేసి 3వ మెట్టుకి వెళ్లండి.

ఈ విషయం నేను బాధపడి నేర్చుకున్నాను. మా బాబుకి రెండేళ్లప్పుడు, అన్నం వార్చిన గంజి గిన్నె లాగేసుకున్నాడు. ముంజేయి అంతా కాలింది. ఇంట్లో నలుగురం ఉన్నాం. ఒకరు టూత్‌పేస్ట్ తెచ్చారు, ఒకరు పసుపు అద్దారు, నేను వాణ్ణి ఎత్తుకుని ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తాను. నీళ్లు పోయాలని ఒక్కరికీ తట్టలేదు. ఆసుపత్రిలో ముందుగా చేసిన పని ఆ పేస్టూ పసుపూ కడిగి తీయడం. కాలిన చర్మం మీద ఎండిపోయిన పేస్టు తీస్తుంటే వాడు ఏడ్చిన ఏడుపు నాకు ఇప్పటికీ గుర్తుంది. మీ ఇంట్లో అలా జరగకూడదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నీళ్లు ఎందుకంటే

పొయ్యి కట్టేశాక కూడా మట్టికుండలో పప్పు కాసేపు కుతకుతమంటూనే ఉంటుంది కదా. చర్మం కింద జరిగేదీ అదే. వేడి వస్తువు దూరమైనా లోపలికి దిగిన వేడి ఇంకా లోతుకు పోతూనే ఉంటుంది. దాన్ని నీళ్లు బయటికి లాగేస్తాయి. పేస్టు, నెయ్యి లాంటివి పూస్తే ఆ వేడి లోపలే ఉండిపోతుంది. సిద్ధాంతం ఇంతే.

ఇంట్లో ముందే ఉండాల్సినవి

- ఒక నిండు బకెట్ నీళ్లు, ఒక మగ్గు. కుళాయి నీళ్లు రోజుకి గంటే వచ్చే ఇళ్లలో ఇది తప్పనిసరి.
- ఉతికి ఎండబెట్టిన పాత నూలు పంచె ముక్కలు రెండు, శుభ్రమైన కవర్‌లో చుట్టిపెట్టినవి. నూగు ఊడే టవల్ వద్దు.
- వంటింట్లో గిన్నెల మీద కప్పే పలుచని ప్లాస్టిక్ పొర, అదే క్లింగ్ ఫిల్మ్. ఉంటే మంచిది, లేకపోయినా నూలు బట్టతో పని జరుగుతుంది.
- కత్తెర.
- పారాసిటమాల్. పెద్దవాళ్లకి మాత్రలు, పిల్లలకి సిరప్. పిల్లల బరువు ఎంతో గుర్తుంచుకోండి, మోతాదు దాన్నిబట్టే ఉంటుంది.
- ఒక పొడి దుప్పటి.

దూది వద్దు. పుండుకి అంటుకుని పోగులు పోగులుగా ఉండిపోతుంది.

చేయాల్సిన పని, వరసగా

1. వేడి నుంచి దూరం చేయండి.

పొయ్యి కట్టేయండి, మనిషిని పక్కకి తీసుకురండి. మామూలుగా ఇది రెండు క్షణాల పని. మూడు సందర్భాల్లో మాత్రం ఆగి చేయాలి.

మూకుట్లో నూనె అంటుకుంటే దాని మీద నీళ్లు పోయకండి. మంట పైకప్పు దాకా లేస్తుంది. గ్యాస్ కట్టేసి, పెద్ద మూత గానీ పళ్లెం గానీ పక్కనుంచి జరిపి కప్పేయండి. చల్లారేదాకా మూత తీయకండి. మండుతున్న మూకుడు పట్టుకుని బయటికి పరుగెత్తవద్దు. చేతుల మీదా కాళ్ల మీదా నూనె పడేది అప్పుడే.

చీర కొంగుకో చున్నీకో అంటుకుంటే మనిషిని పరుగెత్తనివ్వకండి, గాలికి మంట పెరుగుతుంది. నేల మీద పడుకోబెట్టి దొర్లించండి. మందపాటి నూలు దుప్పటి గానీ గోనె సంచి గానీ కప్పి మంట ఆర్పండి, నీళ్లుంటే పోయండి. నైలాన్, పాలిస్టర్ దుప్పట్లు కరిగి ఒంటికి అంటుకుంటాయి, వాటి జోలికి పోవద్దు.

బకెట్లో పెట్టిన హీటర్ రాడ్ వల్ల షాక్ కొడితే ముందు మెయిన్ ఆపండి. ఆపకుండా మనిషినీ, ఆ నీళ్లనీ ముట్టుకోవద్దు. కరెంటుతో కాలితే పైకి చిన్న మచ్చే కనపడినా లోపల ఎక్కువ దెబ్బ ఉండొచ్చు, గుండె మీద కూడా ప్రభావం ఉంటుంది. తప్పనిసరిగా ఆసుపత్రికి వెళ్లాలి.

2. తడిసిన బట్టలు, నగలు తీసేయండి.

సాంబారు పడిన చొక్కా ఒంటి మీద ఉన్నంతసేపూ కాలుస్తూనే ఉంటుంది. పసిపిల్లలకైతే డైపర్ కూడా విప్పండి, వేడి నీళ్లు అందులో నిలిచి ఉంటాయి. బట్ట చర్మానికి అతుక్కుపోతే మాత్రం లాగవద్దు. చుట్టూ కత్తిరించి, అతుక్కున్నంత వరకు అలాగే వదిలేయండి.

ఉంగరం, గాజులు, వాచీ, పట్టీలు, మెట్టెలు, పిల్లల మొలతాడు, కాలిన చోటికి దగ్గర్లో ఉన్నవి ఏవైనా వెంటనే తీయండి. కాసేపట్లో వాపు వస్తుంది. వాచాక ఉంగరం రాదు, రక్తం ఆడదు, చివరికి కోసి తీయాల్సి వస్తుంది. మెట్టెలు తీయడానికి మనసొప్పని వాళ్లు ఉంటారు. వాపు తగ్గాక మళ్లీ పెట్టుకోవచ్చని మెల్లగా చెప్పి తీయించండి.

ఈ పని కోసం నీళ్లు ఆలస్యం చేయవద్దు. ఒకరు నీళ్లు పోస్తుంటే ఇంకొకరు తీయొచ్చు.

3. పారే చల్లని నీళ్ల కింద 20 నిమిషాలు.

అసలు వైద్యం ఇదే.

ఫోన్‌లో 20 నిమిషాలకి టైమర్ పెట్టండి. టైమర్ లేకపోతే మూడు నిమిషాలకే "చాల్లే" అనిపిస్తుంది. పిల్లాడు ఏడుస్తుంటాడు, పక్కింటివాళ్లు వచ్చేస్తారు, అందరూ ఆసుపత్రికి పదండంటారు. మీరు కుళాయి దగ్గర నుంచి కదలకండి. 108కి ఫోన్ చేయాల్సినంత కాలి ఉంటే ఫోన్ చేయండి, కానీ బండి వచ్చేదాకా నీళ్లు పోస్తూనే ఉండండి.

ధార మెల్లగా ఉండాలి. కుళాయి పూర్తిగా తిప్పి బొబ్బల మీద గట్టిగా కొట్టనివ్వకండి.

మన ఎండల్లో ఒక జాగ్రత్త ఉంది. మే నెల మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నీళ్లే చేయి పెట్టలేనంత వేడిగా వస్తాయి. ముందు మీ చేయి పెట్టి చూడండి. వేడిగా ఉంటే కుండలో నీళ్లు గానీ, ఇంట్లో నిలవపెట్టిన బకెట్ నీళ్లు గానీ, 20 లీటర్ల తాగునీటి క్యాన్ గానీ వాడండి. ఫ్రిజ్ నీళ్ల సీసా మామూలు నీళ్లలో కలుపుకోవచ్చు. ఐసు ముక్కలు మాత్రం వేయకండి.

కుళాయిలో నీళ్లు లేకపోతే చేయి కింద టబ్బు పెట్టి మగ్గుతో మెల్లగా పోయండి. శుభ్రమైన నీళ్లు తక్కువగా ఉంటే టబ్బులో పడినవే మళ్లీ ముంచి పోయొచ్చు. ముఖం మీదైతే మగ్గుతో పోయండి, లేదా తడి నూలు బట్ట వేసి నిమిషానికోసారి మళ్లీ ముంచి మార్చండి. ఒకసారి వేసిన తడి బట్టని అలాగే వదిలేస్తే అదే వేడెక్కుతుంది.

పసిపిల్లలకి ఇంకో ప్రమాదం ఉంది. వాళ్ల ఒళ్లు త్వరగా చల్లబడిపోతుంది. నీళ్లు కాలిన చోట మాత్రమే పోయండి, మిగతా ఒంటిని పొడి దుప్పటితో కప్పండి. పిల్లని మొత్తంగా చన్నీళ్ల టబ్బులో కూర్చోబెట్టవద్దు. వణుకు మొదలైనా, పెదాలు నీలంగా మారినా నీళ్లు ఆపి, తుడిచి, వెచ్చగా చుట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కాలి గంట దాటిపోయింది, ఇప్పుడు నీళ్లు పోస్తే ఏం లాభం అని అడుగుతుంటారు. లాభం ఉంది. మూడు గంటల లోపు ఎప్పుడు పోసినా ఉపయోగమే. ఎంత తొందరగా పోస్తే అంత మంచిది.

4. ఎంత మేర, ఎంత లోతు కాలిందో చూడండి.

కొలతకి టేపు అక్కర్లేదు. కాలినవాళ్ల సొంత అరచేయి, వేళ్లు దగ్గరగా పెట్టినప్పుడు, ఒంటి మీది చర్మంలో దాదాపు నూటికి ఒక వంతు. పాపకి కాలితే పాప అరచేతితోనే చూడాలి, మీ అరచేతితో కాదు. ఇక్కడ చాలామంది పొరపడతారు. మీ చేతితో కొలిస్తే పెద్ద గాయం చిన్నదిగా కనపడుతుంది.

లోతు తెలియడానికి:

- ఎర్రబడి, మంటగా ఉండి, బొబ్బ లేకపోతే పైపొర మాత్రమే కాలినట్టు. మన రంగు చర్మం మీద ఎరుపు సరిగ్గా కనపడదు, రెండో చేతితో పోల్చి చూడండి.
- బొబ్బలు, తడి, బాగా నొప్పి ఉంటే రెండో పొర దాకా వెళ్లినట్టు.
- తెల్లగా గానీ, గోధుమ రంగులో తోలులా గానీ, నల్లగా మాడి గానీ ఉండి, ముట్టుకున్నా నొప్పి తెలియకపోతే చాలా లోతుగా కాలినట్టు. "నొప్పి లేదంటున్నాడు, పర్లేదు" అనుకునేది ఇక్కడే. నొప్పి తెలియకపోవడమే అక్కడ చెడ్డ గుర్తు.

5. కప్పండి.

క్లింగ్ ఫిల్మ్ ఉంటే మొదటి చుట్టు తీసి పారేసి, తర్వాతి ముక్కని గాయం మీద పొడవుగా పరచండి. చేయి చుట్టూ బిగించి చుట్టవద్దు, వాపు వస్తే బిగుసుకుంటుంది. లేకపోతే ఉతికిన నూలు బట్ట వదులుగా వేయండి. అరచేయి, పాదం కాలితే శుభ్రమైన ప్లాస్టిక్ కవర్‌లో పెట్టొచ్చు. ముఖానికి ప్లాస్టిక్ వేయకండి.

గాలి తగలకపోతేనే సగం నొప్పి తగ్గుతుంది. కప్పినవి సరిగ్గా ఉన్నాయో లేదో ఇలా చూడండి: వేలి కొన నొక్కి వదిలితే తెల్లబడి వెంటనే రంగు రావాలి. రాకపోతే, వేళ్లు తిమ్మిరెక్కితే, కట్టు వదులు చేయండి.

చేయి కాలితే దిండు మీద ఎత్తులో పెట్టండి, వాపు తక్కువగా ఉంటుంది.

6. నొప్పికి మందు ఇవ్వండి.

పారాసిటమాల్ చాలు. పిల్లలకి కిలో బరువుకి 15 మి.గ్రా. చొప్పున ఒక మోతాదు, కనీసం నాలుగు గంటల తేడాతో, రోజుకి నాలుగు మోతాదులకి మించకుండా. 10 కిలోల పాపకి 150 మి.గ్రా. సీసా మీద చదివి లెక్కవేయండి. ఒక సిరప్‌లో 5 మి.లీ.కి 120 మి.గ్రా. ఉంటే ఇంకో దాంట్లో 250 ఉంటుంది. "పోయినసారి ఒక చెంచా వేశాం" అనే లెక్క పనికిరాదు. మూడు నెలల లోపు పసికందుకైతే డాక్టర్‌ని అడక్కుండా వేయవద్దు. పిల్లలకి ఆస్పిరిన్ అసలే వద్దు.

7. ఆసుపత్రికి వెళ్లాలా వద్దా తేల్చుకోండి.

వీటిలో ఒక్కటి ఉన్నా, నీళ్లు పోయడం అయ్యాక వెళ్లాలి:

- కాలినవాళ్ల అరచేయి కంటే పెద్ద గాయం.
- ముఖం, మెడ, చేతులు, పాదాలు, కీళ్లు, మర్మాంగాల దగ్గర బొబ్బలు.
- చేయి గానీ కాలు గానీ చుట్టూ కాలడం.
- తెల్లగా, తోలులా, నల్లగా ఉన్న గాయం, ఎంత చిన్నదైనా.
- కరెంటు వల్ల, యాసిడ్ వల్ల కాలడం.
- పొగ పీల్చడం, గొంతు బొంగురుపోవడం, ముక్కు వెంట్రుకలు కాలి ఉండటం. ఇవి ఉంటే నిమిషం కూడా ఆగకుండా 108.
- ఐదేళ్ల లోపు పిల్లలు, పెద్ద వయసువాళ్లు, గర్భిణులు, షుగర్ ఉన్నవాళ్లు. షుగర్ ఉన్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే కాలినట్టు కూడా తెలియదు.

పిల్లలకి పది అరచేతులంత కాలితే అది ప్రాణం మీదికి వచ్చే గాయం, సొంత బండి కోసం వెతకకుండా 108ని పిలవండి. హైదరాబాద్‌లో ఉస్మానియా, విశాఖలో కేజీహెచ్ లాంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాలిన గాయాలకి ప్రత్యేక వార్డులున్నాయి.

డాక్టర్‌కి మూడు సంగతులు చెప్పండి: ఏం పడి కాలింది, ఎన్ని గంటలకి కాలింది, నీళ్లు ఎంతసేపు పోశారు. ధనుర్వాతం ఇంజెక్షన్ చివరిసారి ఎప్పుడు వేయించారో కూడా అడుగుతారు, ఆ కార్డు వెంట పట్టుకెళ్లండి.

ఎక్కువగా జరిగే తప్పులు

టూత్‌పేస్ట్ మొదటిది. చల్లగా అనిపించేది అందులోని పుదీనా ఘాటు వల్ల, వేడి మాత్రం తగ్గదు. ఇక పసుపు, సిరా, కాఫీ పొడి. ఇవి రంగు మార్చేస్తాయి, డాక్టర్‌కి గాయం లోతు తెలియదు. నెయ్యి, వెన్న, కొబ్బరినూనె వేడిని లోపల నిలిపేస్తాయి. ఇడ్లీ పిండి, పెరుగు, గుడ్డు తెల్లసొన, కలబంద గుజ్జు చల్లగానే ఉంటాయి, కానీ పగిలిన చర్మంలోకి క్రిముల్ని తీసుకెళ్లగలవు. మందుల షాపులో ఇచ్చే తెల్లటి క్రీము కూడా డాక్టర్ చూడకముందు రాయకండి, గాయం దాని కింద దాగిపోతుంది.

ఐసు పెడితే అక్కడి రక్తనాళాలు ముడుచుకుపోతాయి, కాలిన చర్మం ఇంకా దెబ్బతింటుంది.

బొబ్బలు చిదమడం ఇంకో తప్పు. ఆ పలుచని పొర చర్మం తనకి తాను వేసుకున్న కట్టు. దానంతటది పగిలితే మెల్లగా కడిగి కప్పండి.

ఇంట్లో పెద్దవాళ్లు పేస్టు పట్టుకుని వచ్చేస్తే ఏం చేయాలని చాలామంది కోడళ్లు అడిగారు. ఆ సమయంలో వాదించవద్దు. వాళ్లదీ మనలాంటి కంగారే, ఏదో ఒకటి చేయాలన్న ఆరాటం. వాళ్లకి ఒక పని ఇవ్వండి. "అత్తయ్యా, మీరు టైమ్ చూడండి, 20 నిమిషాలు అయ్యాక చెప్పండి" అనండి. "మామయ్యా, దుప్పటి తెచ్చి బాబు వీపు మీద కప్పండి" అనండి. చేతికి పని దొరికితే పేస్టు పక్కన పెట్టేస్తారు.

వేడి కాకుండా వేరేవాటితో కాలితే

బాత్రూం యాసిడ్ పడితే బట్టలు తీసేసి, కనీసం 20 నిమిషాలకి తగ్గకుండా ధారగా నీళ్లు పోయండి. దానికి విరుగుడంటూ సబ్బు, సోడా, నిమ్మరసం వేయకండి.

తాంబూలం సున్నం పిల్లల కంట్లో పడటం మన ఇళ్లలో జరుగుతుంది. ప్యాకెట్ నొక్కితే చివ్వున చిమ్ముతుంది. కన్ను నలపనివ్వకండి. రెప్ప తెరిచి పట్టుకుని, ముక్కు వైపు నుంచి చెవి వైపుకి నీళ్లు పోతూ ఉండేలా 30 నిమిషాలు కడగండి. రెప్ప కింద తెల్లటి ముక్క కనపడితే తడి బట్ట అంచుతో తీయండి. తర్వాత నేరుగా కంటి ఆసుపత్రికి. ఇందులో ఆలస్యమైతే చూపు పోతుంది. పొడి సున్నం చర్మం మీద పడితే మాత్రం ముందు పొడి బట్టతో దులిపి, ఆ తర్వాతే నీళ్లు పోయండి.

తర్వాతి రోజుల్లో చూసుకోవాల్సినవి

చిన్న గాయమైతే రెండో రోజుకి నొప్పి తగ్గుముఖం పట్టాలి. తగ్గాల్సింది పెరుగుతున్నా, చుట్టూ ఎరుపు పాకుతున్నా, చీము, చెడు వాసన, జ్వరం ఉన్నా డాక్టర్‌కి చూపించండి. చిన్నపిల్లల్లో ఇంకోటి గుర్తుంచుకోండి. గాయం చిన్నదే అయినా, కొద్దిరోజుల్లో జ్వరంతో పాటు ఒంటి మీద దద్దుర్లు, వాంతులు, మగతగా పడి ఉండటం కనపడితే రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లండి. అది రక్తంలోకి విషం పాకే జబ్బు కావచ్చు.

పప్పు తింటే చీము పడుతుందని మన ఇళ్లలో పప్పు, గుడ్డు ఆపేస్తారు. ఆపకండి. కొత్త చర్మం రావడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, పెరుగు, గుడ్లు, చేపలు, మీ ఇంట్లో తినేవి ఏవైనా మామూలు కంటే కాస్త ఎక్కువే పెట్టండి.

కాలిన వేళ్లనీ మోచేతినీ కదలకుండా ఉంచేయకండి. డాక్టర్ వద్దని చెప్పకపోతే రోజూ మెల్లగా ముడిచి చాపించండి, లేకపోతే చర్మం ముడుచుకుపోయి కీలు బిగుసుకుంటుంది. పైపైన కాలినవి వారంలోపు, బొబ్బలు వచ్చినవి సాధారణంగా రెండు వారాల్లో మానతాయి. రెండు వారాలైనా మానకపోతే మచ్చ గట్టిపడే అవకాశం ఎక్కువ, మళ్లీ చూపించండి.

మానిన చోట కొత్త చర్మం పలుచగా ఉంటుంది, ఎండకి నల్లబడుతుంది, దురద పెడుతుంది. బయటికి వెళ్లేటప్పుడు పొడుగు చేతుల చొక్కా వేయండి. పుండు పూర్తిగా మూసుకుని, తడి లేకుండా, ముట్టుకుంటే నొప్పి లేకుండా ఉన్నాక రోజుకి రెండు మూడు సార్లు మెల్లగా కొబ్బరినూనె మర్దన చేయొచ్చు. మొదటి రోజు అమ్మమ్మ చేతిలోంచి తీసి పక్కన పెట్టిన కొబ్బరినూనె సీసా ఇప్పుడు ఆవిడకే ఇచ్చి రాయమనండి.